ప్రతి టీకీ అబ్బాయి వైపు చూడాలా?

ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆవిడకు 61 ఏళ్లు, బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ భర్తకు 66. ఒక్కగానొక్క కొడుకు చైనాలోని షెన్‌జెన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెలలో ఇద్దరూ మొదటిసారి అక్కడికి వెళ్తున్నారు. మొత్తం మూడు వారాలు. అందులో ఆరు రోజులు అబ్బాయికి సెలవు దొరకలేదు కాబట్టి బీజింగ్, షియాన్ ఇద్దరే చూసి రావాలి.

అక్కడ చాయ్ దగ్గర నుంచి టాక్సీ దాకా అన్నీ ఫోన్‌తోనే కట్టాలని విన్నప్పటి నుంచి ఇంట్లో గొడవ మొదలైంది. ‘మీరేం పెట్టుకోకండి, అన్నీ నేను కట్టేస్తాను’ అంటాడు కొడుకు. ‘చైనా యాప్‌కి మన కార్డు ఇవ్వడమేమిటి? పింఛను డబ్బు ఊడ్చుకుపోతే ఎవరిని అడుగుతాం? డాలర్లు పట్టుకెళ్దాం’ అంటారు భర్త. ఈవిడ ఊళ్లో కూరగాయల నుంచి కరెంటు బిల్లు దాకా యూపీఐతో కడతారు. ఎవరికీ చెప్పకుండా, చైనాలో డబ్బు కట్టడానికి వాడే అలీపే యాప్ దించుకుని ఖాతా తెరిచారు. పింఛను ఖాతాకున్న రూపే కార్డు పెడితే తీసుకోలేదు. భర్త వీసా క్రెడిట్ కార్డు పెడితే రెండుసార్లు తిరస్కరించారు, ఆ మెసేజ్ కాస్తా ఆయన ఫోన్‌కే వెళ్లింది. ‘చెప్పానా!’ అన్నారాయన. మూడు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. ‘యూపీఐ లాంటిదే కదా, ఎందుకు పట్టడం లేదు? మావారి భయంలో నిజముందా? ప్రతి టీకీ అబ్బాయి వైపు చూడకుండా నా ఖర్చు నేను పెట్టుకునే దారి ఉందా?’ అని అడిగారు.

సమాధానం:

దారి ఉందండీ. కాకపోతే అది అలీపేలో కంటే ముందు మీ బ్యాంకులో మొదలవుతుంది.

చూడ్డానికి అలీపే యూపీఐ లాంటిదే: కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే డబ్బు వెళ్తుంది. లోపల జరిగేది మాత్రం పూర్తిగా వేరు. యూపీఐలో మీ బ్యాంకు ఖాతా నుంచి దుకాణం ఖాతాకు నేరుగా డబ్బు వెళ్తుంది. చైనాలో యూపీఐ పనిచేయదు. అక్కడ మీలాంటి విదేశీయులు అలీపేతో కట్టిన ప్రతిసారీ జరిగేది ఒక అంతర్జాతీయ ఆన్‌లైన్ కార్డు లావాదేవీ. యాప్‌లో మీ డబ్బేమీ ఉండదు, మీ ఖాతాలో ఎంతుందో దానికి తెలియదు. 12 యువాన్ల (చైనా కరెన్సీ) నూడుల్స్ కొన్నా ఆ 12 యువాన్ల కోసం మీ బ్యాంకును అడుగుతుంది, బ్యాంకు సరే అంటే దుకాణానికి చేరుతుంది. మీవారి వీసా కార్డుకు ఎదురైన తిరస్కరణలు కూడా బ్యాంకు అన్న ‘వద్దు’లే అయ్యుంటాయి.

ఎందుకు వద్దన్నదంటే, 2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నియమం వల్ల మన దేశంలో ఇచ్చే కార్డులు మొదట దేశం లోపల, ఏటీఎంలోనూ స్వైప్ మెషీన్ మీదా మాత్రమే పనిచేస్తాయి. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం మనం విడిగా తెరవాలి. మీవారి కార్డు ఎప్పుడూ పరాయి దేశంలో వాడలేదని రాశారు, కాబట్టి ఆ స్విచ్‌లు మూసే ఉండి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలోకి వెళ్లి అంతర్జాతీయ లావాదేవీలు అన్న స్విచ్ తెరవాలి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. అంతర్జాతీయం కింద మళ్లీ ఏటీఎం, స్వైప్ మెషీన్, ఆన్‌లైన్ అని విడివిడిగా ఉంటాయి. అలీపేకి కావలసింది ఆన్‌లైన్. దాని పక్కనే రోజు పరిమితి గడి ఉంటుంది. అందులో సున్నా ఉంటే స్విచ్ తెరిచినా పని జరగదు.

రూపే సంగతి పక్కన పెట్టేయండి. ఈ పనికి వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ అయితే మేలు.

పేరు దగ్గర మన తెలుగువాళ్లకు ఒక తంటా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కార్డు మీద ఒక్క అక్షరానికి కుదించి ఉంటుంది, ఒక్కోసారి పేరు ముందూ వెనకా అవుతుంది. యాప్ పాస్‌పోర్టు వివరాలు అడిగినచోట పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయండి. కార్డు వివరాలు అడిగినచోట కార్డు మీద అచ్చయినట్టు రాయండి. రెండూ కలపడానికి ప్రయత్నించకండి. ఇంకో ముఖ్యమైన సంగతి: మీ పేరున్న ఖాతాకు మీవారి కార్డు పెట్టడం మంచిది కాదు. పేర్లు కలవక ఎక్కడైనా ఆగిపోవచ్చు. పైగా ఆ కార్డు ఓటీపీలన్నీ ఆయన ఫోన్‌కే వెళ్తాయి. ఆయన గదిలో ఉండి మీరు కింద దుకాణంలో ఉన్నప్పుడు బ్యాంకు ఓటీపీ అడిగిందనుకోండి, మళ్లీ ఆయన కోసం పరుగెత్తాలి. మీ పేరుతో, మీ నంబరుతో కార్డు ఉంటేనే మీరడిగిన స్వతంత్రం వస్తుంది.

ఇక మీవారి భయం. దాన్ని చాదస్తమని తోసేయకండి. ఆయన అడిగింది సరైన ప్రశ్నే: ఏదైనా జరిగితే ఎంత పోతుంది? జవాబు మీ చేతుల్లోనే ఉంది. ఏ కార్డు జతచేస్తారో, దాని వెనక ఎంత డబ్బు ఉందో, దాని రోజు పరిమితి ఎంతో, నష్టం అంతకు మించదు. కాబట్టి పింఛను ఖాతా కార్డును దీనికి అసలు తగిలించవద్దు. ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా మీవారి పక్షం.

దాని బదులు ఏం చేయొచ్చంటే, మీవారి క్రెడిట్ కార్డు మీదే మీ పేరుతో ఇంకో కార్డు తీసుకోవచ్చు. చాలా బ్యాంకులు భార్యకో భర్తకో అలా ఇస్తాయి. తొందరగా వస్తుంది, కానీ బిల్లు ఆయనదే, చాలాచోట్ల ఓటీపీ కూడా ఆయన నంబరుకే వెళ్తుంది. ఆ మాట బ్యాంకులో ముందే అడగండి. రెండోది, మీ పేరున చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోవడం. జీతం కాగితాలు అడగరు, డిపాజిట్‌లో పెద్ద భాగం మేరకు పరిమితి ఇస్తారు, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మూడోది, వేరే పొదుపు ఖాతా తెరిచి దాని వీసా డెబిట్ కార్డు వాడటం. ఖాతాలో ఎంత వేస్తే అంతే ప్రమాదం. ఇబ్బందేమిటంటే, డెబిట్ కార్డు విషయంలో ఏదైనా తప్పు జరిగితే ముందు మీ డబ్బు పోయి తర్వాత తిరిగి రావాలి. క్రెడిట్ కార్డయితే బిల్లు కట్టకముందే అభ్యంతరం చెప్పొచ్చు. ముందే విదేశీ డబ్బు వేయించుకునే ఫారెక్స్ కార్డు కూడా ఉంది గానీ, అవి కొన్ని యాప్‌లో చేరతాయి, కొన్ని చేరవు. డబ్బు వేయించుకున్నాక చేరలేదంటే చికాకు.

మీ పరిస్థితికి నాకు డిపాజిట్ మీద వచ్చే కార్డే బాగుంటుందనిపిస్తోంది. కార్డు చేతికి రావడానికి వారం పది రోజులు పట్టొచ్చు, కాబట్టి నిర్ణయమేదైనా ఈ వారంలోనే తీసుకోండి.

యాప్‌లో ఆరంకెల పాస్‌వర్డ్ పెట్టమంటుంది. మీ యూపీఐ పిన్ అందులో పెట్టకండి. పాస్‌పోర్టు ఫోటో తీసి నిర్ధారణ చేయించే పని కూడా ఇంటి దగ్గరే, మంచి వెలుతురులో, నిదానంగా పూర్తిచేయండి. చైనా ఇంటర్నెట్ మీద గూగుల్ ప్లే స్టోర్ తెరుచుకోదు, ఏది దించుకున్నా ఇక్కడే దించుకోవాలి. మెసేజ్‌లకూ చెల్లింపులకూ వాడే వీచాట్ పెట్టుకోమని కూడా అక్కడి వాళ్లు చెబుతారు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదొకటి, కాబట్టి దాని జోలికి పోకండి. అదే ఏడాది సెప్టెంబర్ 2న వచ్చిన నిషేధ జాబితాలో అలీపే పేరు కూడా ఉంది, కాబట్టి మన దేశంలో ఉండగా దాన్ని వాడొచ్చో లేదో ముందు కనుక్కోండి. మీ అవసరాలకు అలీపే సరిపోతుంది.

సిమ్ కార్డు మార్చేటప్పుడు మన సిమ్ తీసి పర్సులో పడేస్తుంటారు కొందరు. మీరు ఆ పని చేయొద్దు. బ్యాంకు ఓటీపీ వచ్చేది దానికే. బయల్దేరేముందు దానికి అంతర్జాతీయ రోమింగ్ తెరిపించి, రీచార్జి గడువు మూడు వారాలకు మించి ఉండేలా చూసుకోండి. ఫోన్‌లో మన సిమ్‌కి డేటా ఆపేసి, మెసేజ్‌లకు మాత్రం ఉంచండి. ఇంటర్నెట్ రెండో సిమ్‌తో వాడుకోండి. అయితే చైనా సిమ్ మీద వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ రావు. బయటి దేశపు ప్రయాణికుల ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే దించుకునే సిమ్) వేసుకుంటే అది రోమింగ్‌లో నడుస్తుంది కాబట్టి అవన్నీ వస్తాయి. అబ్బాయితో వాట్సాప్‌లో మాట్లాడాలంటే ఈ రెండో దారే మేలు.

ఇప్పుడు ఖర్చు సంగతి. లెక్కల టీచరు కదా, ఇది మీకు నచ్చుతుంది. విదేశీ కార్డుతో అలీపేలో ఒక్కో చెల్లింపు 200 యువాన్ల లోపుంటే యాప్ రుసుమేమీ లేదు. 200 దాటితే మొత్తం మీద 3 శాతం. దాటినంత మేరకే అనుకునేరు, మొత్తం మీద. భోజనం బిల్లు 380 యువాన్లయితే ఒకేసారి కడితే 11.40 యువాన్లు అదనం. 190 చొప్పున రెండుసార్లు కడితే సున్నా. ‘రెండుగా కడతాం’ అని సైగతో చెప్పినా చాలా హోటళ్లలో ఒప్పుకుంటారు. మీరొక సగం, మీవారొక సగం కట్టినా అంతే. ఇది కాక మీ బ్యాంకు విదేశీ కరెన్సీ మార్పిడికి సాధారణంగా 2 నుంచి 3.5 శాతం తీసుకుంటుంది, ఆ రుసుము మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అంటే 3.5 శాతం కార్డయితే 4.13 శాతం పడుతుంది. ఇది చిన్న చెల్లింపైనా తప్పదు. రెండూ కలిస్తే, అలాంటి కార్డుతో 200 దాటిన ప్రతి బిల్లు మీదా నూటికి ఏడుకు పైగా పోతుంది.

మీ ఇంటి గొడవకు పరిష్కారం ఈ లెక్కలోనే ఉందనిపిస్తుంది. 1,600 యువాన్ల హోటల్ బిల్లు మీరు అలీపేలో కడితే యాప్ రుసుమే 48 యువాన్లు. అదే మీ అబ్బాయి తన అక్కడి బ్యాంకు ఖాతా నుంచి కడితే ఈ రెండు రుసుములూ ఉండవు. కాబట్టి హోటళ్లు, రైలు టికెట్లు, విమానం అబ్బాయికి వదిలేయండి. రైలు టికెట్ మీ పాస్‌పోర్టు నంబరు మీద తీస్తాడు, కాగితం అక్కర్లేదు, గేటు దగ్గర మనిషి ఉన్న వరుసలో పాస్‌పోర్టు చూపిస్తే పంపిస్తారు. బీజింగ్ ప్యాలెస్ మ్యూజియం టికెట్లు గేటు దగ్గర అమ్మరు. వారం ముందు నుంచి పాస్‌పోర్టు నంబరుతో బుక్ చేయాలి, సోమవారం సెలవు. అదీ అతనే చూసుకుంటాడు. టీ, నూడుల్స్, పళ్లు, మెట్రో, టాక్సీ, మనవలకో చెల్లెలికో కొనే చిన్న చిన్న వస్తువులు మీవి. కొడుక్కి కూడా ‘నువ్వు కట్టొద్దు’ అన్నట్టుగా కాకుండా ‘పెద్దవి నీవి, చిన్నవి నావి’ అన్నట్టుగా వినిపిస్తుంది. తల్లిదండ్రులకు ఖర్చుపెట్టాలన్న అతని ముచ్చటా తీరుతుంది.

దుకాణం ముందు నిలబడ్డప్పుడు ఎలా ఉంటుందో చెబుతాను. కట్టే పద్ధతులు రెండు. పెద్ద దుకాణాల్లో ‘నేను నిన్ను స్కాన్ చేస్తా’ అంటారు, వాళ్ల మాటలో ‘వో సావ్ నీ’. అప్పుడు మీరు యాప్‌లో పే అన్న గుర్తు నొక్కితే మీ కోడ్ తెర మీదకొస్తుంది. వాళ్లు చేతి మెషీన్‌తో దాన్ని బీప్‌మనిపిస్తారు. సొమ్ము వాళ్లే వేస్తారు కాబట్టి వాళ్ల తెర మీద అంకె చూశాకే ఫోన్ చాపండి. చిన్న కొట్లలో ‘నీ సావ్ వో’ అంటారు, నువ్వు నన్ను స్కాన్ చెయ్యి అని. ఆవిరి బన్నులు అమ్మే బండి మీద, ప్లాస్టిక్ తొడుగులో నీలం కోడొకటి, ఆకుపచ్చ కోడొకటి పక్కపక్కనే వేలాడుతుంటాయి. నీలం అలీపేది, ఆకుపచ్చ వీచాట్‌ది. మీరు నీలాన్ని స్కాన్ చేసి, 8 అని కొట్టి, ఆ అంకె అమ్మే మనిషికి చూపించి, అప్పుడు పాస్‌వర్డ్ వేయండి. డబ్బు చేరగానే బండి మీది డబ్బా గట్టిగా చెబుతుంది, మన కిరాణా కొట్టులో లాగే.

పే నొక్కితే వచ్చే ఆ కోడ్ విషయంలో మాత్రం జాగ్రత్త. చిన్న మొత్తాలకు పాస్‌వర్డ్ అడగకుండానే డబ్బు వెళ్లిపోవచ్చు. అందుకే అది కొద్దిసేపటికోసారి మారుతుంటుంది. వరుసలో నిలబడ్డప్పుడే తెరిచి పట్టుకోకండి, కౌంటర్ దాకా వచ్చాక తెరవండి. కోడ్‌ను ఫోటో తీసి గానీ, కింద ఉండే అంకెలు చదివి గానీ ఎవరికీ పంపకండి. ఎవరైనా అడిగారంటే మోసగాళ్లే.

ఒక్కోసారి పట్టదు. అప్పుడు కంగారుపడి అదే బటన్ పదిసార్లు నొక్కితే బ్యాంకు అనుమానపడి కార్డునే ఆపేస్తుంది. రెండుసార్లకు మించి ప్రయత్నించకండి. విదేశీ కార్డుతో వ్యక్తులకు డబ్బు పంపడం కుదరదు. బండివాడు పెట్టింది తన సొంత ఖాతా కోడ్ అయితే తిరస్కరించవచ్చు, అందులో మీ తప్పేమీ లేదు. అలాంటప్పుడు మీ కోడ్ తెరిచి అతన్నే స్కాన్ చేయమని చూపించండి. అదీ కాకపోతే యాప్‌లో రెండో కార్డు ఎంచుకోండి. అదీ కాకపోతే నోటు తీయండి. నోటూ లేకపోతే, బండి మీది కోడ్‌ను ఫోటో తీసి అబ్బాయికి పంపితే అతను షెన్‌జెన్‌లో కూర్చుని ఆ ఫోటోనే స్కాన్ చేసి కట్టగలడు. ఇది అవసరానికే ఉంచుకోండి, లేదంటే మళ్లీ మొదటికొస్తారు.

నోటు అన్నాను కాబట్టి, మీవారి డాలర్ల సంగతి. ఆయన పూర్తిగా తప్పు కాదు. చైనాలో నగదు చెల్లుతుంది, దుకాణదారు నగదు వద్దనడానికి అక్కడి నియమాలు ఒప్పుకోవు. అసలు సమస్య చిల్లర. రోజంతా ఒక్క నోటూ చూడని కొట్టులో 100 యువాన్ల నోటు ఇస్తే తిరిగివ్వడానికి ఏమీ ఉండదు. 100కు మించిన నోటు వాళ్లకు లేదు, అయినా అదే పెద్దదైపోతుంది. ఆరు రోజులకు ఇద్దరికీ 1,500 యువాన్లు చేతిలో ఉంటే చాలు, అందులో సగం 10, 20 నోట్లుగా అడిగి తీసుకోండి. రూపాయలు అక్కడ మార్చుకోవడం కష్టం. ఇక్కడే యువాన్లు దొరికితే సరే, లేదంటే డాలర్లు తీసుకెళ్లి అక్కడి బ్యాంకులో పాస్‌పోర్టు చూపించి మార్చుకోవచ్చు. ఒక్కో ప్రయాణానికి ఒక్కొక్కరు 3,000 డాలర్ల దాకా నోట్ల రూపంలో తీసుకెళ్లడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది. అంత అవసరం మీకు రాదు. అక్కడి ఏటీఎం గానీ స్వైప్ మెషీన్ గానీ ‘రూపాయల్లో కోయాలా, యువాన్లలోనా’ అని అడిగితే యువాన్లే ఎంచుకోండి, రూపాయల్లో రేటు చెడ్డగా వేస్తారు.

ఫోన్ చచ్చిపోతే డబ్బు పోయినట్టేనా అని అడిగారు. ఆ పూటకు అంతే. పవర్ బ్యాంక్ తప్పక ఉండాలి, కానీ ఇక్కడి నుంచి తీసుకెళ్లేది అక్కడి దేశీయ విమానంలో పనికిరాకపోవచ్చు. 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో త్రీ-సీ ముద్ర (3C, చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు) లేని పవర్ బ్యాంకులు ఎక్కనివ్వడం లేదు, తనిఖీలో తీసేసుకుంటారు. షెన్‌జెన్ నుంచి బీజింగ్‌కు విమానంలో వెళ్తున్నట్టయితే, ఆ ముద్ర స్పష్టంగా ఉన్నది ఒకటి అక్కడే కొనిపెట్టమని అబ్బాయికి ఇప్పుడే చెప్పండి.

మెట్రోకు యాప్‌లోనే రవాణా విభాగంలో కోడ్ దొరుకుతుంది. ఊరు మారితే కోడ్ కూడా మార్చుకోవాలి, బీజింగ్‌ది షియాన్‌లో తెరుచుకోదు. బీజింగ్‌లోనైతే 2024 నుంచి విదేశీ కార్డునే గేటుకు తాకించి వెళ్లే ఏర్పాటూ వచ్చింది. అయితే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ కాంటాక్ట్‌లెస్ స్విచ్ కూడా తెరిచి ఉండాలి.

చివరికి మీరిద్దరూ ఎలా వెళ్లాలంటే, ఇద్దరి ఫోన్లలోనూ అలీపే, రెండింటికీ వేర్వేరు కార్డులు, చిన్న నోట్లు రెండు పర్సుల్లో సగం సగం. ఒక ఫోన్ పోయినా, ఒక కార్డు ఆగినా రెండోది నడుస్తుంది. మీవారు యాప్ ఇంకా వద్దంటే ఒత్తిడి చేయకండి. ఆయన దగ్గర నోట్లు, మీ దగ్గర యాప్ ఉన్నా ప్రయాణం సాగుతుంది, కాకపోతే మీ ఫోన్ పాడైన రోజు నోట్లతోనే గడపాలి. చేరిన మొదటి మూడు రోజులు షెన్‌జెన్‌లోనే ఉంటారు కాబట్టి, అబ్బాయి ఆఫీసుకు వెళ్లాక ఇద్దరూ కిందికి దిగి ఏ పళ్ల కొట్టులోనో 10 యువాన్లది ఏదైనా కొని చూడండి. మర్నాడు మెట్రో ఎక్కి రెండు స్టేషన్లు వెళ్లి రండి. బ్యాంకు కార్డును ఆపేదుంటే ఆ మొదటి చెల్లింపుల దగ్గరే ఎక్కువగా ఆపుతుంది, అప్పుడు సర్దుకోవడానికి పక్కన అబ్బాయి ఉంటాడు. బ్యాంకుకు ఫోన్ చేయాల్సి వస్తే, అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. మీకు పొద్దున పదైతే ఇక్కడ ఏడున్నరే. కార్డు ఆపడానికి, తెరవడానికి ఇరవై నాలుగు గంటలూ పలికే నంబరేదో కార్డు వెనక చూసి, కాగితం మీద రాసి ఇద్దరి పర్సుల్లోనూ పెట్టుకోండి.